అరంగుళం జాగా

“తాడు గట్టిగానే కట్టినాలే అక్కా, యాడికీ పోదు,” అన్నాడు బండి నడుపుతున్న దాసప్ప, నేను ఐదోసారి మెడ తిప్పి వెనక్కి చూసేసరికి. నేను చూసేది తాడు కోసం కాదని అతనికేం తెలుసు. హిందూపురం దాటి పది నిమిషాలైనా కాలేదు. వెనక తొట్టిలో పాత దుప్పట్లు చుట్టుకుని బట్టలుతికే మిషన్ నిలబడి ఉంది, నా ఒళ్లో మా ఆయన కొలతల గజం బద్ద ఉంది, ఫోన్లో టైము పదింబావు. పదింటికి మొదలుపెడతానన్నాడు మా తమ్ముడు ఉలిగప్ప. ఏ పనికీ వేళకు రాని మనిషి, ఇలాంటి పనికి మాత్రం ఠంచనుగా వస్తాడు. కాబట్టి ఈపాటికి ధర్మవరంలో మా ఇంట్లో మగ్గం విప్పడం మొదలై ఉంటుంది. ముందు పైనున్న, డిజైను ఎక్కించే జాకార్డు పెట్టె దించుతాడు, తర్వాత పడుగు దారాలు కోస్తాడు, ఆ తర్వాత గుంజలు పీకి, చివర నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంట పూడుస్తాడు. చేయి చాపితే అందేంత దూరంలో మంచం మీద పడుకుని మా ఆయన జయరాముడు ఇదంతా చూస్తుంటాడు. చూడక ఏం చేస్తాడు, తల అటు తిప్పుకోవడం కూడా ఇప్పుడు ఆయన వల్ల కాదు. ఉదయం నేను బయల్దేరేటప్పుడు ఆయన తలను గోడవైపు తిప్పి దిండు అడ్డం పెట్టి రావాల్సింది. ఆ ఆలోచన ఇప్పుడొస్తోంది, ఊరు దాటి బండిలో కూర్చున్నాక. ఇంట్లో ఉండగా రాలేదు. నాకు ఏ ఆలోచనైనా అంతే, పని అయ్యాకే వస్తుంది.

మాది ఒక గది, దాని వెనక ఒక సందు. పన్నెండడుగులకు పదడుగుల గదిలో సగానికి పైగా గుంట మగ్గమే. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసింది మగ్గం, దాని చుట్టూ మిగిలిన జాగాలో మేము సర్దుకున్నాం. కూతురు సాహితి పాకడం నేర్చుకుంది మగ్గం కిందే, గుంటలో పడి నొసటన మచ్చ తెచ్చుకుంది కూడా. ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు మగ్గాన్ని అడగాల్సిందే. బీరువా వద్దంది, ట్రంకు పెట్టెతో సరిపెట్టుకున్నాం. టీవీ గోడకు తగిలిస్తే జాకార్డు పెట్టెకు తగులుతుందని ఇచ్చేశాం. అయినా ఎప్పుడూ బాధ అనిపించలేదు, అన్నం పెట్టేది అదే కదా. మూడు నెలల కిందట ఒక పొద్దున ఆయన నేస్తూ నేస్తూ అడ్డపోగు వేసే నాడె ఆపి, కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుని, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. కాళ్లు గుంటలో, తల నా ఒళ్లో. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చి పడుకోబెట్టడానికి మంచం వేయాలంటే మగ్గానికీ గోడకూ మధ్య ఉన్న ఆ సన్నటి చోటే దిక్కైంది. అప్పటి నుంచి ఆయన మగ్గాన్ని చూస్తూ పడుకుంటాడు. సగం నేసిన మామిడిపిందెల చీర దాని మీద అలాగే ఉండిపోయింది, దుమ్ము పడకుండా నేనే ఒక గుడ్డ కప్పాను. ఒక్కోసారి ఆయన ఎడంచెయ్యి మంచం మీద ముందుకూ వెనక్కూ కదులుతుంది. చీమ కుట్టిందేమోనని మొదట్లో దుప్పటి దులిపేదాన్ని. తర్వాత తెలిసింది. నేసేటప్పుడు ఎడంచేత్తో పోగు బిగించే పలక లాగి కొట్టేవాడు, అదే ఆడుతోంది.

రోజుకు ఉతకాల్సినవి నాలుగు దుప్పట్లు, ఐదు పంచెలు, వాటి కింద వేసే పాత చీరల పేలికలు. మా వరసలో మూడిళ్లకూ ఒకటే బాత్రూం, ఒకటే ఉతుకుడు బండ. ముందు పోయినవాళ్లదే బండ. వానపడిన రోజున ఆరక, వాసన పోక, ఆయన వీపున పుండు లేచింది. ఆ పుండు చూసిన రోజున నేను వంట చేయలేదు. నా మణికట్లు రెండూ వాచి, చెంబు ఎత్తితే చెంబు జారిపోతోంది. అప్పుడు ఫోన్లో చెప్పింది సాహితి, హిందూపురంలో మిక్సీలూ ఫ్రిజ్జులూ అమ్మే షాపులో పనిచేస్తుంది అది, ఆదివారం ఆదివారం వస్తుంది. “మా, మిషన్ తీసుకుందాం మా, నువ్వు పడిపోతే నాయనను ఎవురు చూసుకుంటారు,” అంది. నేను ఫ్రిజ్జు అన్నాను ముందు, పాలు విరిగిపోతున్నాయని. తర్వాత కూలర్ అన్నాను, ఎండకు ఆయన ఒళ్లంతా చెమటకాయలని. అది లెక్చరర్ లాగా వివరించింది. కూలర్‌కు కిటికీ కావాలంట, మాకు కిటికీ లేదు. ఫ్రిజ్జుకు తలుపు తెరిచే జాగా కావాలంట, తెరిస్తే మంచంకోడు తగులుతుంది. ముందునుంచి తలుపుండే మిషన్‌కూ అదే తంటా. రెండు తొట్ల మిషన్ అయితే మరీ వెడల్పు. ఇక మిగిలింది పైనుంచి బట్టలు వేసేదొక్కటే, దానికి పొడవూ వెడల్పూ ఇరవై రెండేసి అంగుళాల చోటు కావాలి. “మా షాపులో అంతకన్నా సన్నది లేదు మా. ఉండాదా ఆ జాగా?” సందులో కడప బండకూ గోడకూ మధ్య నీళ్ల డ్రమ్ము ఉండే మూల ఒక్కటే ఉంది. డ్రమ్ము పక్కకు జరిపి, మా ఆయన గజం బద్ద తీసి కొలిచాను. ఆయన చేత్తో వెదురు చీల్చి, నున్నగా గీకి, గీతలు పెట్టుకున్న బద్ద అది. ఇరవై ఒకటిన్నర. మళ్లీ కొలిచాను. ఇరవై ఒకటిన్నరే.

అరంగుళం చాలలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. గోరంత చోటు. “టేపుతో కొలిచినావా మా?” అని అడిగింది సాహితి. నాకు కోపం వచ్చింది. “మీ నాయన బద్దతో కొలిచినా. దాని కన్నా టేపు గొప్పదా? ఈ బద్దతో కొలిచిన చీరను ఇన్నేండ్లలో ఏ సావుకారి ఒక్క మాట అన్లేదు,” అన్నాను. నిజమే అది. ఆ తర్వాత మా ముగ్గురికీ, నాకూ దానికీ ఉలిగప్పకూ, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే ఒకే మాట తోచింది. చివరికి ఉలిగప్పే అన్నాడు. “ఎట్లాగూ బావ ఇంక నేసేది కాదు గదక్కా.” వాడిని నానా మాటలూ తిట్టాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు పుండు ఇంకా పెద్దదైంది, మగ్గం తీసెయ్, ఆ జాగాలో మిషన్ పెడదామని నేనే వాడికి ఫోన్ చేశాను. అయినా మనసొప్పక నిన్న సాయంత్రం ఇంకొక్కసారి బద్ద తీసుకుని మూల కొలిచాను, గోడ ఏమైనా జరిగి ఉంటుందేమో అన్నట్టు. అప్పుడే ఆయన అరవడం మొదలుపెట్టాడు. ఊఁ ఊఁ అని, ఎడంచెయ్యి పైకెత్తి, అటూ ఇటూ ఊపుతూ, కళ్లలోంచి నీళ్లు కారుతూ. బద్ద చేతిలో పట్టుకునే దగ్గరికి పోయాను. ఇంకా గట్టిగా అరిచాడు. మగ్గం తీయొద్దంటున్నాడని అనుకున్నాను. ఇంకేమనుకుంటాను. “ఏం చేయమంటావయ్యా నన్ను? నీ పుండు చూడాల్నా, నీ మగ్గం చూడాల్నా?” అని అరిచాను. పక్కింటివాళ్లకు వినపడేలా అరిచాను. చెయ్యి కిందపడింది. రాత్రంతా ఆయన అటూ పడుకోలేదు, నేనిటూ పడుకోలేదు.

సోమందేపల్లి దాటాం. రోడ్డు పక్కన వేరుశెనగ చేలు, గొర్రెలు, ఎండ. దాసప్ప ఏదో పాట పెట్టబోయి నా మొహం చూసి ఆపేశాడు. మిషన్‌ను షాపువాళ్లే పంపిస్తారు, నువ్వు రానక్కర్లేదు మా అని సాహితి ఎన్నిసార్లు చెప్పిందో. షోకేసులో పెట్టింది కదా, గీతలేమైనా పడ్డాయేమో చూసుకోవాలి అన్నాను. అబద్ధం. ఇంట్లో ఉండకూడదని వచ్చాను. పడుగు కోసేటప్పుడు ఆయన కళ్లు చూడలేక వచ్చాను. ఆ పని చేయించేది నేను, చూడాల్సింది ఆయన. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి ఉంటుందా. పైగా వచ్చేముందు ఉలిగప్పకు జాగ్రత్తలు చెప్పాను, పెద్దదాన్ని కదా. మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. గుంట తవ్వేటప్పుడు నేయబోయేవాడే మొదటి తట్ట మన్ను తీయాలి. పూడ్చేటప్పుడు నేసినవాడే మొదటి గుప్పెడు మన్ను వేయాలి. “మీ బావ ఎడంచేతిలో మన్ను పెట్టు, ఆయప్ప ఎయ్యనీ, ఆమైన నువ్వు ఎయ్యి,” అని చెప్పాను. చెప్పి చెప్పులు వేసుకుని బయటపడ్డాను. పద్ధతి తప్పకూడదంట. ఆయన చేతనే ఆయన గుంట పూడ్పించడం పద్ధతి అంట. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో.

పెనుకొండ కొండ కనిపించేసరికి వెనక నుంచి టకటకమని చప్పుడు. దాసప్ప బండి పక్కకు తీసి, “తాడు కొంచెం వదులైందక్కా, నువ్వు అనుమానపడినట్లే అయింది,” అంటూ దిగాడు. నేనూ దిగాను. బద్ద ఒళ్లోంచి పడిపోతుందని చేత్తోనే పట్టుకుని దిగాను. అసలు దాన్ని ఎందుకు తెచ్చాను హిందూపురానికి? షాపులో ఏదైనా ఇంకా సన్నటి మిషన్ కనిపిస్తే అక్కడికక్కడే కొలవొచ్చని ఆశ. అక్కడికి పోయాక సాహితి టేపు లాగి ఇరవై రెండు మా అని చూపించింది, నేను తలూపాను, బద్ద అలాగే చంకలో ఉండిపోయింది. ఇప్పుడు దాసప్ప తాడు విప్పి దుప్పటి సర్దుతుంటే మిషన్ ముఖం తెల్లగా బయటపడింది. ఊరికే, చేతికి ఏ పనీ లేక, బద్దను దాని మీద అడ్డంగా ఆనించాను. ఇరవై ఒకటో గీత దగ్గర మిషన్ అయిపోయింది. గీత దాటి ఉంటే ఏ వెంట్రుకంతో. మూల ఇరవై ఒకటిన్నర. మిషన్ ఇరవై ఒకటి. “దాసప్పా, టేపుండాదా నీ తావ?” ఉంది, ఫ్రిజ్జులూ బీరువాలూ మోసే బండి కదా. అతను టేపు పెట్టాడు. ఇరవై రెండు. సరిగ్గా ఇరవై రెండు. సాహితి తప్పు చెప్పలేదు. “ఈ బద్దను కొలువు,” అన్నాను. అతను కొలిచాడు. గజానికి ముప్పై ఆరు ఉండాలి. ముప్పై ఆరు దాటి బద్ద ఇంకా అంగుళమున్నర మిగిలి ఉంది. ఇరవై ఒకటిన్నర గీత దాకా కొలిచి చెప్పమన్నాను. “ఇరవై రెండు దాటి ఇంగా కొంచిం ఉండాదక్కా,” అన్నాడు. “బద్ద తప్పుగా చేసినారేమో ఎవురో.”

తప్పుగా చేయలేదు నాయనా. బుద్ధిపూర్వకంగానే చేశాడు. పెళ్లైన కొత్తలో, నేను దారం కండెలు చుడుతుంటే, ఆయన ఈ బద్ద గీకుతూ కూర్చుని చెప్పాడు. అప్పుడు ఆయన గొంతు ఎంత బాగుండేది. “మగ్గం మీద ఉన్నంతసేపు చీర ఊపిరి బిగబట్టుకోని ఉంటాది. కోసి దించినాక వదుల్తాది, కురచైతాది. మామూలు బద్దతో కొలిస్తే సావుకారి తావ జానెడు తక్కువొస్తాది. అందుకే నా గజం అందరి గజం కన్నా పొడుగు.” నేను నవ్వి, నీ గజమే వేరేనా అన్నాను. ఆయన బద్దతో నా వీపు మీద మెల్లగా తట్టాడు. ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆ తర్వాత ఆ బద్ద ముట్టుకునే పని నాకెప్పుడూ పడలేదు, కొలిచేది ఆయన, కండెలు చుట్టేది నేను. అంతా గుర్తుంది నాకు, ఆ రోజు ఆయన వేసుకున్న బనియన్‌కు భుజం దగ్గర చిరుగు కూడా గుర్తుంది. ఇది ఒక్కటే ఎలా మరిచాను? గోడలు ఊపిరి బిగబట్టుకోవు కదా. నిన్న ఆయన చెయ్యెత్తింది మగ్గం కోసం కాదు. బద్ద కోసం. అది చీరల బద్దే పిచ్చిదానా, దాంతో గోడలు కొలుస్తావేమే అని చెప్పాడు. మాట లేని మనిషి కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాడు. మిషన్ మూలలో పడుతుంది, మగ్గం ఉండనీ అని చెప్పాడు. నేను అరిచాను.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. “పోనీ దాసప్పా, తొందరగా పోనీ,” అన్నాను. పాపం, పోనిచ్చాడు. ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాను. ఎత్తురా. ఈ ఒక్క పనికీ ఆలస్యంగా రారా, దారిలో ఎవరైనా కనిపిస్తే టీ తాగుతూ కూర్చోరా, నీకు అలవాటే కదా. ఇంకా జాకార్డు పెట్టె దగ్గరే ఉన్నాడేమో. పెట్టె దించితే ఏం, మళ్లీ ఎక్కించొచ్చు. పడుగు ఒక్కటి కోయకుండా ఉంటే చాలు. రోడ్డు పక్కన కార్ల ఫ్యాక్టరీ గోడ వచ్చింది, ఎంతకీ అయిపోదు ఆ గోడ. దాని వెనక కొత్త కార్లు వరసలు వరసలుగా ఎండలో ఊరికే నిలబడి ఉన్నాయి. వాటికి ఎంత జాగా. ఒక్కో కారుకు మా ఇల్లంత. ఏడోసారికో ఎనిమిదోసారికో ఎత్తాడు. వెనక నుంచి ధబ్ ధబ్ అని చప్పుడు వినిపిస్తోంది.

“ఏమక్కా? ఫోను సొక్కా జేబులో ఉండాది, సొక్కా మేకుకు తగిలిచ్చినా, ఇనపళ్లా.”

“ఏం చేస్తాండావు?”

“అయిపోయినాదక్కా. మన్ను దిమ్మిస్తాండా. నువ్వొచ్చేతలికి నీళ్లు సల్లి సాపు చేసి పెడతా. ఏం, మిషన్‌కు ఏమన్నా అయినాదా?”

“ఏం లే. ఊరికే చేసినా.”

పడుగు ఏం చేశావని అడగలేదు. అడిగితే చెబుతాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దిగి ధర్మవరం రోడ్డెక్కాం. ఇక తొందరేమీ లేదు దాసప్పా, నిదానంగా పో. ఏడవాలంటే ఏడుపు రాలేదు, కళ్లు మండుతున్నాయంతే. నా మీద నాకు అసహ్యంగా ఉంది. ఒక్కటి మాత్రం లెక్క తేల్చుకున్నాను దారిలో. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. మిషన్ మూలలో పెట్టకూడదు. పెడితే సరిగ్గా కూర్చుంటుంది, కూర్చుంటే అందరికీ తెలిసిపోతుంది, ఆయన చూస్తాడు. పూడ్చిన గుంట మీదే పెట్టాలి. మగ్గం పోయినందుకు అక్కడ ఏదో ఒకటి నిలబడాలి. ఊరికే పోయిందని తెలిస్తే ఆ మనిషి బతకడు. నేను మాత్రం బతుకుతానా? బద్దను సీటు వెనక సందులోకి దోశాను. దాసప్పతో పాటు హిందూపురం పోనీ, ఏ పొయ్యిలోనన్నా పెట్టుకోనీ.

గడప దగ్గర నిలబడితే మా ఇల్లు నాకే తెలియలేదు. ఇంత వెలుగు ఎక్కడిది? ఇంత పెద్దదా ఈ గది? నడుమ కొత్త మన్ను తడిగా, పొడుగ్గా. దాన్ని చూసి ఏమనుకున్నానో అది నోటితో అనకూడదు. గుంజలు గోడకు చేరగిలబడి ఉన్నాయి. మామిడిపిందెల చీర చుట్టచుట్టి ట్రంకు పెట్టె మీద ఉంది, కోసిన పోగులు కిందికి వేలాడుతున్నాయి. ఆయన వైపు చూడకుండా, “ఈడ పెట్టండి, ఈ మన్ను మీద,” అన్నాను. ఉలిగప్ప బుర్ర గోక్కున్నాడు. “మన్ను కుంగుతాదేమో అక్కా. కుళాయి సందులో గదా ఉండేది?” “చెప్పినకాడ పెట్టు.” దాసప్ప సందులోకి, ఆ మూల వైపు ఒకసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కింద రెండు చెక్కలేసి పెట్టించాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే బండి దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు.

“అక్కా, బద్ద మర్సిపోతాండావు.”

తెచ్చి నేరుగా మంచం మీద, ఆయన పక్కనే పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు చూశాను ఆయన్ని. ఆయన కళ్లు బద్ద మీదికి వెళ్లాయి, అక్కడి నుంచి సందు వైపు, ఆ మూల వైపు, అక్కడి నుంచి నా మీదికి. నిన్నటిలా అరవలేదు. చెయ్యి ఎత్తలేదు. ఎడంచెయ్యి పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుని ఉన్నాడు. “బావ చేతిలో మన్ను పెట్టినాక్కా నువ్వు చెప్పినట్లే,” అన్నాడు ఉలిగప్ప వెనక నుంచి. “ఎయ్యలే. అట్లనే పిడికిలి పట్టినాడు. ఎంతసేపని సూడల్ల, నేనే ఏసేసినా.”

వాడిని బయటికి పొమ్మన్నాను. మంచం పక్కన కింద కూర్చున్నాను. దారి పొడుగునా అనుకున్నదంతా, దాచాలనుకున్నదంతా, ఆ కళ్ల ముందు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. “నిన్న నువ్వు బద్ద గురించే చెప్పినావు,” అన్నాను. “మిషన్ మూలలో పట్టేది. నాకు తెలీలే. పెనుకొండలో తెలిసింది.” ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కోపం ఉందేమోనని వెతికాను, ఉంటే బాగుండేది. తర్వాత పిడికిలి మెల్లగా, ఒక్కో వేలూ, విప్పాడు. పొద్దుటి నుంచి పట్టుకున్న మన్ను, చెమటకు ముద్దైపోయి, దుప్పటి మీద పడింది.

పొద్దున బయల్దేరేముందు మార్చిన దుప్పటి అది. మిషన్‌లో మొదట వేసింది దాన్నే.